వీణకు ఏ తీగె మంచిది?

వీణ నాదము బాగుగా లేదన్నప్పుడు ఎవరికైనా మొదట తోచే ఉపాయము తీగె మార్చడము. వీణనే మార్చవలెనంటే చాల ధనము కావలెను. తీగె మార్చడానికి స్వల్పమైన ఖర్చు, కొద్దిపాటి ఓపిక చాలును. అయితే ఏ తీగె తెచ్చి వేయవలెను? లావుదా, సన్నదా? ఉక్కుదా, ఇత్తడిదా? లావు తీగె వేస్తే నాదము గంభీరముగా ఉంటుందని ఒకరంటారు. సన్న తీగెలోనే తీపి ఉన్నదని మరొకరంటారు. ఇద్దరి మాటలలోను కొంత నిజమున్నది. అది ఎంతవరకు నిజమో తేల్చుకొనడానికి ఉన్నత పాఠశాలలో నేర్చుకొనే ధ్వనిశాస్త్రము చాలవరకు సరిపోతుంది. తెలియక వేసిన తీగె వలన నాదము బాగుపడకపోవడమే గాక, తాతల నాటి వీణకు హాని కూడ కలుగవచ్చును. కాబట్టి ఈ విషయము సంగీత విద్యార్థికీ, భౌతికశాస్త్ర విద్యార్థికీ కూడ తెలియదగినది.

గోదావరి సీమలో వీణ

సామర్లకోట జంక్షను నుండి ఒక రైలుశాఖ కాకినాడకు పోతుంది. ఆ కాకినాడలోనే 1936లో వైణికుడు చిట్టిబాబు జన్మించారు. ఆయన గురువు ఈమని శంకరశాస్త్రి 1922లో ద్రాక్షారామములో జన్మించారు. సామర్లకోటలోని కుమారారామము వలెనే ద్రాక్షారామము కూడ పంచారామాలలో ఒకటి. శంకరశాస్త్రి 1987లోను, చిట్టిబాబు 1996లోను కీర్తిశేషులయ్యారు. ఈ గురుశిష్యుల వాద్యములో శ్రోతలను మొట్టమొదట ఆకట్టుకొనేది నాదము. చిట్టిబాబు 'కొమ్మలో కోయిల' అనే రచనలో కోయిల కూతను వీణపై పలికించి పేరు పొందారు. ఇంతటి వీణాసంప్రదాయము ఉన్న సీమలో, చిన్న పట్టణములోని ఇంటిలో కూడ గోడవారగా ఒక వీణ కనిపించడము వింత కాదు. దాని నాదము మందగించినప్పుడు ఏమి చేయవలెనన్నదే ప్రశ్న.

వీణకు ఏడు తీగెలు ఉంటాయి. వాటిలో నాలుగు మెట్ల మీదుగా పోతాయి. మొదటిది సారణి, దీనిని మధ్యషడ్జమానికి శ్రుతి చేస్తారు. రెండవది పంచమము, ఇది మంద్రస్థాయి పంచమము పలుకుతుంది. మూడవది మంద్రము, ఇది మంద్రషడ్జమము పలుకుతుంది. నాలుగవది అనుమంద్రము, ఇది దానికి క్రిందిదైన పంచమము పలుకుతుంది. మిగిలిన మూడు ప్రక్కన ఉండే తాళపు తీగెలు. మెట్ల మీది తీగెలు ఒకవైపు బిరడాలకు చుట్టబడి, మేరువు మీదుగా వచ్చి, కుండ మీది గుర్రమును దాటి, రెండవ కొనకు బిగింపబడి ఉంటాయి. మేరువుకు గుర్రానికి మధ్యనున్న భాగమే కంపిస్తుంది.

మూడు నియమాలు

తీగె కంపనాన్ని గురించిన నియమాలను ఫ్రాన్సు దేశీయుడైన మెర్సెన్ 1636లో ప్రకటించాడు. అవి మూడు. తీగె పొడవు సగమైతే సెకనుకు కలిగే కంపనాల సంఖ్య రెట్టింపవుతుంది. తీగెను లాగే బలము, అనగా తన్యత, నాలుగు రెట్లయితే కంపనాల సంఖ్య రెట్టింపవుతుంది. తీగె మీటరు పొడవుకు ఉండే బరువు నాలుగు రెట్లయితే కంపనాల సంఖ్య సగమవుతుంది.

వీణ విషయములో ఈ నియమాలను కొంచెము జాగ్రత్తగా అన్వయించుకొనవలెను. వీణ పొడవును దానిని చేసిన వడ్రంగి నిర్ణయించాడు. శ్రుతిని పాడేవారి గొంతో, వాయించేవారి అలవాటో నిర్ణయించినది. ఈ రెండూ మారనప్పుడు ఇక మిగిలినవి తీగె బరువు, తన్యత. ఒక తీగె తీసి మరొకటి వేసి అదే శ్రుతికి తెచ్చినప్పుడు మారేవి ఇవే. లావు తీగె బరువైనది గనుక అదే స్వరానికి దానిని మరింత బిగించవలసి వస్తుంది. సన్న తీగెకు తక్కువ బిగువు చాలును.

ఒక ఉదాహరణము చూడవచ్చును. మేరువు నుండి గుర్రానికి 80 సెంటీమీటర్ల పొడవు, సారణికి సెకనుకు 165 కంపనాలు అనుకొన్నచో, ఉక్కు తీగెకు లెక్క ప్రకారము ఇట్లు వస్తుంది:

29వ గేజి, వ్యాసము 0.345 మిల్లీమీటర్లు – తన్యత సుమారు 5.2 కిలోగ్రాముల బరువు
30వ గేజి, వ్యాసము 0.315 మిల్లీమీటర్లు – సుమారు 4.3 కిలోగ్రాములు
31వ గేజి, వ్యాసము 0.295 మిల్లీమీటర్లు – సుమారు 3.8 కిలోగ్రాములు
32వ గేజి, వ్యాసము 0.274 మిల్లీమీటర్లు – సుమారు 3.3 కిలోగ్రాములు

29వ గేజికి, 31వ గేజికి వ్యాసములో భేదము 0.05 మిల్లీమీటరు, అనగా సన్నని తల వెంట్రుక మందమంత. అయినా తన్యతలో మూడవ వంతుకు మించిన భేదము కనిపిస్తున్నది. బరువు వ్యాసము యొక్క వర్గమును బట్టి పెరగడమే దీనికి కారణము. కంటికి ఒకే విధముగా కనిపించే రెండు తీగెలు వేలి క్రింద వేరువేరుగా తోచడము ఇందువలననే.

గేజి సంఖ్య పెరిగినకొద్దీ తీగె సన్నమవుతుందన్న సంగతి మరువరాదు. పై అంకెలు బ్రిటిషు ప్రమాణ గేజివి. అమెరికా గేజిలో 30వ సంఖ్య తీగె వ్యాసము 0.255 మిల్లీమీటర్లు మాత్రమే. కాబట్టి సంఖ్యను నమ్ముకొనే కంటె వ్యాసమును కొలిచి చూచుకొనడము మేలు. పాఠశాల ప్రయోగశాలలోని స్క్రూగేజి 0.01 మిల్లీమీటరు వరకు కొలుస్తుంది. ఈ పనికి అంతకంటె మంచి పరికరము అక్కరలేదు. ఒకే తీగెను నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీయవలెను. కొలతలు చోటు చోటుకు మారుతూ ఉంటే ఆ తీగె మీద శుద్ధమైన స్వరము రాదు.

తీగె ఎప్పుడు తెగుతుంది?

లావు తీగె గట్టిది గనుక తెగదని సామాన్యముగా అనుకొంటారు. ఇది సరికాదు. లావు తీగెకు బలము ఎంత హెచ్చో, అదే శ్రుతికి తేవడానికి వేయవలసిన బిగువు కూడ అంతే హెచ్చు. చదరపు మిల్లీమీటరుకు పడే భారము రెండింటికీ ఒక్కటే. పై ఉదాహరణములో నాలుగు తీగెలకూ అది సుమారు 56 కిలోగ్రాములే. ఈ భారము తీగె పొడవు, శ్రుతి, లోహము యొక్క సాంద్రత అనే మూడింటి మీదనే ఆధారపడి ఉన్నది. శ్రుతి హెచ్చించినకొద్దీ తీగె తెగే హద్దుకు దగ్గరవుతుంది.

సారణికి ఉక్కు, మంద్రానికి ఇత్తడో కంచో వేయడములోని రహస్యము కొంతవరకు ఇక్కడే ఉన్నది. ఇత్తడి ఉక్కు కంటె బరువైనది; అయినా ఉక్కంత గట్టిది కాదు. వాద్యాలకు వాడే ఉక్కు తీగె భరించగలిగే భారములో సగమైనా ఇత్తడి తీగె భరించలేదు. ఇత్తడి తీగెను సారణి స్థానములో వేసి అదే శ్రుతికి లాగితే, చదరపు మిల్లీమీటరుకు 60 కిలోగ్రాముల భారము పడుతుంది. అది ఇత్తడి తెగే హద్దుకు దగ్గర. మంద్రషడ్జమము సారణి స్వరములో సగము గనుక అక్కడ పడే భారము నాలుగవ వంతు మాత్రమే. అక్కడ ఇత్తడికి భయము లేదు. పూర్వులు ఈ లెక్క వేసి చేసినారని చెప్పలేము. తెగిన తీగెలే వారికి ఈ పాఠము నేర్పి ఉండవలెను.

నాదగుణము ఎక్కడ నుండి వస్తుంది?

ఒకే షడ్జమాన్ని వీణ మీద, ఫిడేలు మీద, హార్మోనియము మీద పలికిస్తే వేటికవి వేరుగా గుర్తు పట్టగలము. స్వరము ఒక్కటే అయినా నాదగుణము వేరు. తీగె మీటినప్పుడు అది మొత్తముగా కంపించడమే గాక, రెండు భాగాలుగా, మూడు భాగాలుగా, నాలుగు భాగాలుగా కూడ ఏకకాలమున కంపిస్తుంది. మూలస్వరానికి రెండు, మూడు, నాలుగు రెట్ల కంపనాలు గల ఈ చిన్న స్వరాలను అనుస్వరాలు అంటారు. పై అనుస్వరాలు బలముగా ఉంటే నాదము నిగనిగలాడుతూ పదునుగా ఉంటుంది. అవి త్వరగా అణగిపోతే నాదము మెత్తగానో, మొద్దుగానో వినిపిస్తుంది.

తీగెకు వంగే గుణము సంపూర్ణముగా ఉంటే అనుస్వరాలు సరిగా రెండు, మూడు, నాలుగు రెట్లుగా ఉంటాయి. నిజమైన తీగెకు కొంత బిరుసుతనము ఉంటుంది. తీగె లావైనకొద్దీ ఈ బిరుసుతనము చాల వేగముగా పెరుగుతుంది. బిరుసు తీగెలో పై అనుస్వరాలు ఉండవలసిన చోటి కంటె కొంచెము హెచ్చు స్థానములో పలుకుతాయి. మన ఉదాహరణములోని 0.315 మిల్లీమీటర్ల సారణిలో పదవ అనుస్వరము హెచ్చే పాళ్ళు వెయ్యింటికి రెండు కూడ ఉండవు. మంద్రషడ్జమానికి అదే తన్యతతో ఒంటి ఉక్కు తీగె వేయవలెనంటే దాని వ్యాసము రెట్టింపు, అనగా 0.63 మిల్లీమీటర్లు కావలెను. అప్పుడు పదవ అనుస్వరము నూటికి సుమారు 2.8 పాళ్ళు హెచ్చుతుంది. ఇది ఒక స్వరస్థానానికి, ప్రక్క స్వరస్థానానికి ఉన్న దూరములో ఇంచుమించు సగము. ఇట్టి తీగె నాదములో ఇనుప కడ్డీని కొట్టిన ఛాయ వస్తుంది.

ఈ చిక్కుకు పరిష్కారాలు రెండు. మొదటిది లోహము మార్చడము. ఇత్తడి బిరుసుతనము ఉక్కులో ఇంచుమించు సగము. కాబట్టి అంతే లావున్న ఇత్తడి తీగె మెత్తగా, గుండ్రముగా పలుకుతుంది. రెండవది చుట్టుతీగె. సన్నని ఉక్కు తీగె నడుమ ఉంచి, దానిపై మరొక సన్నని లోహపు తీగెను దగ్గర దగ్గరగా చుడతారు. చుట్టిన తీగె బరువును పెంచుతుంది గాని బిరుసుతనమును అంతగా పెంచదు. నేడు మంద్ర, అనుమంద్రాలకు చుట్టుతీగెలు విరివిగా వాడుతున్నారు. వాటి నాదము ఒంటి ఇత్తడి తీగె కంటె స్పష్టముగా ఉంటుంది. అయితే చుట్ల సందులలో చెమట, దుమ్ము చేరితే త్వరగా మొద్దుబారుతుంది. మెట్ల మీద వేలు జరిపినప్పుడు చుట్ల గరుకు శబ్దము కూడ వినిపించవచ్చును.

రామన్ గమనించిన వింత

వీణ తీగె విషయములో మరొక విశేషమున్నది. సి. వి. రామన్ బాల్యము విశాఖపట్నములో గడిచినది. ఆయన తండ్రి అక్కడి కళాశాలలో అధ్యాపకులు. రామన్ కలకత్తాలో పరిశోధనలు చేస్తున్న కాలములో, 1921లో, భారతీయ తంత్రీవాద్యాలను గురించి ఒక పరిశోధన పత్రము ప్రకటించారు. తీగెను ఏ బిందువు వద్ద మీటితే, ఆ బిందువు వద్ద చలనము లేని అనుస్వరాలు పలుకవని థామస్ యంగ్ నాటి నుండి శాస్త్రజ్ఞులు చెప్పుతూ వచ్చారు. ఉదాహరణకు, తీగెను సరిగా నడుమ మీటితే రెండవ, నాలుగవ అనుస్వరాలు వినిపించరాదు. రామన్ పరీక్షించగా తంబూరాలోను, వీణలోను ఈ నియమము నిలువలేదు. పలుకరాని అనుస్వరాలు కూడ బలముగా పలికాయి.

దీనికి కారణము గుర్రము. ఫిడేలు గుర్రము సన్నని అంచు వంటిది. వీణ గుర్రము మీద కొద్దిగా ఉబ్బెత్తుగా చేసిన కంచు రేకు ఉంటుంది. తీగె కంపించేటప్పుడు ఆ వంపుపై ఒరుసుకొంటూ, తాకుతూ, విడుస్తూ ఉంటుంది. ఈ తాకిడి వలన మూలస్వరములోని శక్తి కొంత పై అనుస్వరాలకు మారుతూ ఉంటుంది. తంబూరాలో తీగె క్రింద నూలుపోగును జరిపి నాదమును తేనెటీగల రొదవలె విప్పారజేయడము ఈ సూత్రము మీదనే జరుగుతున్నది.

తీగె మార్చేవారికి ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. తీగె మందము, బిగువు మారితే ఆ రేకు మీద అది తాకే తీరు కూడ మారుతుంది. పాత తీగెకు సరిపోయిన వంపు కొత్త తీగెకు సరిపోకపోవచ్చును. అప్పుడు వినిపించే గరగర శబ్దము తీగె దోషము కాదు. అట్లని రేకును ఆకురాయితో ఎవరికి వారు అరగదీయరాదు. ఆ పని వీణలు చేసే పనివానిది. పోయిన వంపును తిరిగి తెచ్చుకొనడము సులభము కాదు.

గిటారు నేర్పిన పాఠము

తీగె మారడముతో వాద్యము స్వభావమే మారిన ఉదాహరణము క్లాసికల్ గిటారులో కనిపిస్తుంది. పూర్వము దీని మొదటి మూడు తీగెలను పశువుల పేగుతో చేసేవారు. నాదము ఇంపుగా ఉండేది గాని, తేమకు శ్రుతి మారిపోయేది, తరచుగా తెగేది. రెండవ ప్రపంచ యుద్ధకాలములో పేగును శస్త్రచికిత్సలలో కుట్లు వేయడానికి వినియోగించినందువల్ల గిటారుకు తీగెలు కరువయ్యాయి. న్యూయార్కులో వాద్యాలు చేసే ఆల్బర్ట్ ఆగస్టిన్ అప్పుడు నైలాన్ పోగుతో తీగెలు చేయడానికి పూనుకొన్నాడు. నైలాన్‌ను డ్యూపాంట్ సంస్థ 1938లో లోకానికి ప్రకటించినది. స్పెయిను దేశపు ప్రసిద్ధ వాద్యకుడు ఆండ్రెస్ సెగోవియా ఈ తీగెలను వాడి ప్రోత్సహించాడు. 1940ల చివరకు నైలాన్ తీగెలు విపణిలోకి వచ్చి, కొద్ది సంవత్సరాలలోనే పేగు తీగెల స్థానమును ఆక్రమించాయి.

అయినా నైలాన్‌లో ఒక లోపము మిగిలిపోయినది. గిటారు మూడవ తీగె సెకనుకు 196 కంపనాలు చేయవలెను. నైలాన్ తేలిక పదార్థము గనుక ఆ తీగెను సుమారు ఒక మిల్లీమీటరు లావుగా చేయవలసి వచ్చినది. లావైన తీగె ప్రక్క తీగెల కంటె మొద్దుగా పలికేది. ఇటీవలి దశాబ్దాలలో గిటారు వాద్యకులు 'కార్బన్' అని పిలిచే ఫ్లోరిన్ గల ప్లాస్టిక్కు తీగెలు వచ్చాయి. నైలాన్ సాంద్రత నీటికి సుమారు 1.1 రెట్లయితే దీనిది సుమారు 1.8 రెట్లు. కాబట్టి అదే బరువు, అదే తన్యత గల తీగె వ్యాసములో ఇంచుమించు ఐదవ వంతు సన్నగా ఉంటుంది. సన్నదగుటచే సులభముగా వంగుతుంది. పై అనుస్వరాలు వెలుగుతాయి. మూడవ తీగెను మాత్రము మార్చి, తక్కిన వాటిని నైలాన్‌వే ఉంచుకొనే వాద్యకులు చాలమంది ఉన్నారు. అన్ని తీగెలనూ ఒక్కసారిగా మార్చక, మొద్దుగా ఉన్న ఒక్క తీగెకు కారణము వెదకి దానినే సరిచేయడము ఇందులోని నేర్పు. వీణకు కూడ ఇదే మార్గము అనుసరింపదగినది.

కొత్తదనమా, మంచిదనమా?

కొత్త రకము తీగె వేసి, నాదము బాగుపడినదని సంతోషించేవారు ఒక విషయము మరచిపోతారు. బాగుపడినది తీగె రకము మారినందువలననా, లేక పాత తీగె పోయి కొత్త తీగె వచ్చినందువలననా? గోదావరి డెల్టాలో సంవత్సరములో చాలకాలము గాలిలో తేమ హెచ్చు. కాకినాడ తీరానికి దగ్గరి ఊళ్ళలో గాలిలో ఉప్పు కూడ ఉంటుంది. చేతి చెమటలోను ఉప్పు ఉన్నది. వీటివల్ల ఉక్కు తీగె త్రుప్పు పట్టుతుంది. త్రుప్పు, మురికి తీగె పొడవున ఒకే విధముగా ఉండవు. అందుచేత ఒకచోట బరువు హెచ్చు, మరొకచోట తక్కువ అవుతుంది. అనుస్వరాలు చెదురుతాయి, మెట్ల మీద శ్రుతి నిలువదు, నాదము త్వరగా ఆరిపోతుంది. ఇట్టి తీగెను తీసి అదే రకము కొత్త తీగె వేసినా వీణకు ప్రాణము వచ్చినట్లే ఉంటుంది.

కాబట్టి మొదటి పరీక్ష వేరొక రకము తీగెతో కాదు. అదే రకము, అదే మందము గల కొత్త తీగెతో చేయవలెను. దానితో తృప్తి కలిగితే వెదుకులాట అక్కడితో ముగిసినట్లే. వాయించిన తరువాత పొడిగుడ్డతో తీగెలను తుడిచే అలవాటు ఏ ఖరీదైన తీగె కంటెను హెచ్చు మేలు చేస్తుంది.

పాఠశాలలో చేయదగిన పరీక్ష

సామర్లకోట వంటి పట్టణములోని ఏ ఉన్నత పాఠశాలలోనైనా సోనోమీటరు, శ్రుతిదండాలు, బరువులు ఉంటే ఈ విషయాలను వీణ మీద చేయి వేయకుండానే పరీక్షించవచ్చును. 28వ గేజి (0.376 మిల్లీమీటర్లు) ఉక్కు తీగెను సోనోమీటరుకు తగిలించి 4 కిలోగ్రాముల బరువు వేయవలెను. తీగె మీద చిన్న కాగితపు ముక్కను మడిచి ఉంచి, 256 కంపనాల శ్రుతిదండమును మ్రోగించి పెట్టె మీద నిలిపి, మెట్టును జరుపుతూ పోవలెను. తీగె పొడవు సుమారు 41.4 సెంటీమీటర్లు ఉన్నప్పుడు కాగితము ఎగిరి పడుతుంది. తరువాత అదే గేజి ఇత్తడి తీగె వేసి చూస్తే సుమారు 39.8 సెంటీమీటర్ల వద్ద ఎగురుతుంది. రెండింటి పొడవులలో భేదము స్వల్పము. అయినా రెండింటినీ ఒకే చోట మీటి వింటే నాదములో భేదము స్పష్టముగా తెలుస్తుంది. స్వరము వేరు, నాదగుణము వేరు అన్న సంగతి విద్యార్థికి చెవితోనే బోధపడుతుంది. తరువాత తీగెను నడుమ ఒకసారి, కొనకు దగ్గరగా ఒకసారి మీటి చూడవలెను. తీగె మార్చకుండ మీటే చోటు మార్చినంతమాత్రాన నాదము ఎంత మారుతుందో గమనింపదగినది.

వీణ మీద పరీక్ష చేసేటప్పుడు కొన్ని నియమాలు పాటించవలెను. ఒకసారి ఒక్క తీగెనే మార్చవలెను. పాత తీగెకు, కొత్త తీగెకు శ్రుతి ఒక్కటిగా ఉండవలెను. శ్రుతి కొంచెము హెచ్చినా చెవికి కాంతివంతముగా తోచి మోసపుచ్చుతుంది. మీటే చోటు, మీటే బలము మారరాదు. ఉక్కు తీగె త్వరగా నిలకడకు వస్తుంది గాని, కొత్త తీగె ఏదైనా ఒక రోజు గడిచిన తరువాత తీర్పు చెప్పడము మంచిది. నైలాన్ వంటివి సాగడము మానడానికి కొన్ని రోజులు పట్టుతుంది.

అన్నిటి కంటె ముఖ్యమైనది, వినేవారికి ఏ తీగె వాయిస్తున్నారో తెలియకుండ ఉండడము. రెండు వీణలు దొరికితే, ఒకదానికి పాత రకము, రెండవదానికి కొత్త రకము వేసి తెర వెనుక వాయించవలెను. తరువాత తీగెలను తారుమారు చేసి మరల వాయించవలెను. లేకపోతే తీగె భేదమో, వీణ భేదమో తేలదు. వినేవారు విడివిడిగా కాగితము మీద వ్రాయవలెను. ఏది బిగ్గరగా ఉన్నది, ఏది ఎక్కువసేపు నిలిచినది, ఏది ప్రక్క తీగెతో కలిసిపోయినది అని మూడు ప్రశ్నలు చాలును. బిగ్గరగా ఉన్నదే మంచిదని అనుకొనడము మనుష్య స్వభావము గనుక మూడింటినీ వేరు చేసి అడుగవలెను. నాదము నిలిచే కాలమును గడియారముతో కొలువవచ్చును. నేటి సెల్‌ఫోనులో అనుస్వరాల బలమును గీతల రూపమున చూపే సాధనాలు దొరుకుతున్నాయి. చెవి చెప్పినదానిని వాటితో సరిచూచుకొనవచ్చును. తీగె లోహము, వ్యాసము, వేసిన తేదీ, తీసిన తేదీ ఒక పుస్తకములో వ్రాసి పెట్టుకొంటే రెండు మూడు సంవత్సరాలలో ఆ వీణకు తగినది ఏదో నిశ్చయముగా తెలుస్తుంది.

హెచ్చరికలు, హద్దులు

ఏడు తీగెలు కలిసి వీణ దండిని ఎంత బలముతో లాగుతున్నవో పై లెక్కను బట్టి ఊహించవచ్చును. తీగెలన్నిటినీ ఒక్కొక్క గేజి లావు చేస్తే ఈ బలము ఒక్కసారిగా నూటికి 15 నుండి 20 వంతుల వరకు పెరగవచ్చును. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసే వీణలు ప్రసిద్ధమైనవి. ఎంత గట్టి కర్ర అయినా సంవత్సరాల తరబడి హెచ్చు బిగువుకు లోబడితే వంగుతుంది. దండి కొంచెము వంగినా మెట్లకు, తీగెలకు మధ్య ఎడము మారి, మైనములో నిలిపిన మెట్లు అపస్వరము పలుకుతాయి. మేళము తిరిగి కట్టించడము ఖర్చుతో కూడినది. ఒక్కొక్కప్పుడు మంచి పనివాడు దొరకడము కష్టము. పాత వీణకు సందేహము కలిగినప్పుడు సన్న తీగె వైపే మొగ్గడము క్షేమము.

తీగెలన్నీ ఒక్కసారిగా విప్పివేయడము కూడ మంచిది కాదు. అప్పుడు గుర్రము తన స్థానము నుండి కదలిపోవచ్చును. ఒకటి తీసి, దాని స్థానములో కొత్తది వేసి, తరువాత రెండవది ముట్టుకొనవలెను. బిగించేటప్పుడు ముఖము తీగెకు దూరముగా ఉంచవలెను. తెగిన ఉక్కు తీగె కంటికి ప్రమాదకరము.

గమకము సంగతి కూడ తలచుకొనవలెను. వీణలో వేలితో తీగెను మెట్టు మీద ప్రక్కకు లాగి పై స్వరమును పలికిస్తారు. 31వ గేజి తీగెను లాగడానికి చాలిన బలము 29వ గేజికి చాలదు. మూడవ వంతుకు మించి హెచ్చు బలము కావలెను. నేర్చుకొంటున్న బాలికకు లావు తీగె వేస్తే నాదము కొంత పెరిగినా గమకము కుంటుపడుతుంది. వేళ్ళు నొచ్చి సాధనయే తగ్గిపోవచ్చును. చదువుకొనే వయస్సులో సాధన తగ్గడము కంటె పెద్ద నష్టము లేదు.

తీగె చేయలేని పనులు కూడ ఉన్నాయి. కుండ కర్ర మందముగా ఉన్నా, పగులు వచ్చినా, గుర్రము సరిగా ఆనకపోయినా ఏ తీగె వేసినా ప్రయోజనము ఉండదు. తీగె ఒంటరిగా గాలిని కదిలించలేదు. దాని కంపనమును గుర్రము ద్వారా కుండ మీది పలక అందుకొని గాలికి అందించవలెను. ఏ అనుస్వరాలను ఎంతగా అందించవలెనో ఆ కర్రయే నిర్ణయిస్తుంది. కనుకనే ఒకరి వీణకు అమృతప్రాయమైన తీగె మరొకరి వీణ మీద వెలవెలబోతుంది. వీటన్నిటికీ పైన మీటే వ్రేలు ఉన్నది. మీటే చోటు, గోరు తాకే తీరు, వదిలే వేగము నాదమును ఎంత మార్చగలవో సోనోమీటరు మీదనే తెలుస్తుంది.

కాబట్టి 'ఏ తీగె మంచిది?' అన్న ప్రశ్నకు అన్ని వీణలకూ చెల్లే సమాధానము లేదు. 'ఈ వీణకు, ఈ శ్రుతికి, ఈ చేతికి ఏ తీగె మంచిది?' అని అడిగితే మాత్రము సమాధానము ఉన్నది. దానిని స్క్రూగేజితో కొలిచి, ఒక్కొక్క తీగెను మార్చి, కన్నులు మూసుకొని విని తెలుసుకొనవలెను. సంగీత ఉపాధ్యాయుడు, సామాన్యశాస్త్ర ఉపాధ్యాయుడు కలిసి తలపెట్టితే ఒక శనివారము మధ్యాహ్నము చాలును. ఆ మధ్యాహ్నము విద్యార్థి నేర్చుకొనేది మెర్సెన్ నియమాలను మాత్రమే కాదు. వినికిడి మాటను పరీక్షకు పెట్టి నిజము తేల్చుకొనే పద్ధతిని కూడ.